మన ఆరోగ్యం: పగటి నాడి, రాత్రి నాడి



కొల్లిపర నుండి ఒక సహోదరి వ్రాసిన ఉత్తరం ఈ నెల నా బల్లమీద ఉన్నది. ఆమె తల్లికి అరవై రెండేళ్ళు. చిన్నతనంలో కీళ్ళవాత జ్వరం వచ్చి గుండె కవాటం దెబ్బతిన్నది. ఆరేళ్ళుగా గుండె లయ తప్పి కొట్టుకొంటున్నది. గుంటూరులో చూపించుకొని బిళ్ళలు వాడుతున్నారు. మొన్న దసరా సెలవులకు హైదరాబాదు నుండి వచ్చిన మనుమడు వేలికి తగిలించే ఆక్సిజన్ మిషను ఒకటి తెచ్చాడు. రాత్రి పదకొండు గంటలకు, అమ్మమ్మ నిద్రలో ఉండగా ఆ మిషను పెట్టి చూస్తే నాడి 48 అని చూపించింది. ఇల్లంతా లేచి కూర్చున్నారు. తెల్లవారి మందుల షాపులో అడిగితే, "నాడి అరవైకి తగ్గితే ఆ చిన్న బిళ్ళ వేయకూడదు" అన్నారట. బిళ్ళ ఆపేశారు.

రెండు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆ తల్లి అరటితోటలో ఉన్న కొడుకుకు క్యారేజి తీసుకొని నడిచి వెళ్ళి, తోట చేరక ముందే గట్టుమీద కూలబడిపోయింది. ఆయాసం, గుండెదడ, నోట మాట రాలేదు. ఆసుపత్రిలో చూస్తే నాడి 140 పైన ఉన్నది. ఇప్పుడు మళ్ళీ బిళ్ళ మొదలుపెట్టారు, ప్రాణం కుదుటపడింది. "డాక్టరుగారూ, రాత్రి చూచిన 48 నిజమా, పగలు చూచిన 140 నిజమా? మేము దేనిని చూచి బిళ్ళ వేయాలి?" ఇదీ ఆమె ప్రశ్న.

రెండూ నిజమే సహోదరీ. చిక్కంతా అందులోనే ఉన్నది.

మీ ఇంటివారిని నేను తప్పు పట్టను. ఎందుకంటే ఇదే పొరపాటు నేనూ చేశాను. ఉద్యోగంలో చేరిన క్రొత్తలో, రాత్రి డ్యూటీలో, గాఢ నిద్రలో ఉన్న ఒక ముసలాయన నాడి పట్టుకొని చూశాను. 46. భయపడి కేసు షీటులో డిగాక్సిన్ సగానికి తగ్గించి వ్రాశాను. ఉదయం పెద్ద డాక్టరుగారు రౌండ్సుకు వచ్చేలోగా ఆయనను డిశ్చార్జి చేయడం, ఆ సగం బిళ్ళతోనే ఆయన ఇంటికి పోవడం జరిగిపోయినవి. వరికోతల రోజులు. పది రోజులకు కాళ్ళవాపుతో, పడుకోలేని ఆయాసంతో తిరిగి వచ్చాడు. పెద్ద డాక్టరుగారు నన్ను కేకలు వేయలేదు. "నిద్రపోయే మనిషి నాడి చూచి, పని చేసే మనిషికి మందు వ్రాశావు" అన్నారు, అంతే. ఆయన బ్రతికాడు గనుక ఈ మాట ఇంత నిబ్బరంగా వ్రాయగలుగుతున్నాను.

ఇక సంగతి వివరంగా చెప్పుకొందాం. గుండెలో పై గదులు రెండు కర్ణికలు, క్రింది గదులు రెండు జఠరికలు అని పిల్లల బడి పుస్తకాలలో చూచే ఉంటారు. మామూలు గుండెలో కుడి కర్ణిక పైభాగం నుండి ఒక చిన్న విద్యుత్ సంకేతం బయలుదేరి కర్ణికలను ముడిపిస్తుంది. తరువాత నడుమ ఉన్న ఏవీ నోడ్ అనే ఒకే ఒక ద్వారం గుండా దిగి జఠరికలను ముడిపిస్తుంది. మన చేతికి తెలిసే నాడి ఈ జఠరికల దెబ్బ. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే జబ్బులో కర్ణికలు ముడుచుకోవడం మాని వణుకుతూ ఉంటాయి. నిమిషానికి 350 మొదలు 600 దాకా, గాలికి అరటాకు అల్లాడినట్లు. ఈ సంకేతాలన్నీ క్రిందికి దిగితే మనిషి బ్రతకడు. ఏవీ నోడ్ అడ్డుపడి కొన్నిటినే వదులుతుంది, అదీ ఒక వరుస లేకుండా. అందుకే నాడి రెండు దెబ్బలు దగ్గరగా, ఒకటి దూరంగా, ఒకటి బలంగా, ఒకటి అందీ అందకుండా తగులుతుంది.

మన ప్రాంతంవారికి దుగ్గిరాల లాకులు తెలుసు. పైన కాలువలో నీళ్ళు ఎంత పోటెత్తినా, క్రిందికి ఎన్ని వదలాలన్నది తలుపులు ఎత్తే దించే మనిషి చేతిలో ఉంటుంది. ఏవీ నోడ్ అటువంటి లాకు. దాని తలుపు దించేది వాగస్ అనే నరం. ఎత్తేవి సింపథెటిక్ నరాలు, వాటితోపాటు రక్తంలో తిరిగే అడ్రినలిన్. మనం నిద్రపోయినప్పుడు వాగస్ బలం ఎక్కువవుతుంది, తలుపు క్రిందికి దిగుతుంది. లేచి నడిచినా, బరువు ఎత్తినా, కోపం వచ్చినా, జ్వరం తగిలినా వాగస్ వెనక్కు తగ్గి తలుపు పైకి లేస్తుంది. కర్ణికల వణుకు మాత్రం రాత్రి అయిందని ఆగదు. పైన పోటు పోటుగానే ఉంటుంది. మారేది లాకు తలుపు.

కావున ఎన్నో ఏళ్ళుగా లయ తప్పిన గుండెలో కూడా పగలు రాత్రి తేడా నిలిచి ఉంటుంది. దెబ్బకు దెబ్బకు నడుమ క్రమం పోయింది గాని, పొద్దుతో ఉన్న సంబంధం పోలేదు. బిళ్ళలు వాడే మనిషికి తెల్లవారుజామున నిద్రలో యాభైకి అటూ ఇటూ, కూర్చొని ఉన్నప్పుడు డెబ్బై ఎనభై, పనిలో నూరు దాటి కనిపించడం అరుదేమీ కాదు. నిద్రలో నడుమనడుమ రెండు సెకన్లు, ఒక్కొక్కసారి అంతకుమించి నాడి తగలకుండా పోవడం కూడా ఈ రోగులలో చాలామందికి ఉన్నదే. ప్రక్కన పడుకొని చేయి పట్టుకొన్నవారికి మాత్రం ఆ రెండు సెకన్లు రెండు గంటలుగా తోస్తాయి. గుండె వైఫల్యం ముదిరినవారిలో ఈ పగలు రాత్రి తేడా తగ్గిపోతుంది. కనుక మీ అమ్మగారికి తేడా కనిపించడం నన్ను అంతగా భయపెట్టలేదు.

ఈ జబ్బు వైద్యులకు పట్టుబడిన కథ కూడా మన తల్లులవంటి ఒక రోగితో ముడిపడి ఉన్నది. ఇంగ్లాండులో బర్న్‌లీ అనే నేతపనివారి ఊరిలో జేమ్స్ మెకంజీ అనే మామూలు డాక్టరు ఉండేవాడు. మెడ నరం కదలికను, చేతి నాడిని కాగితం మీద గీసే పరికరం ఒకటి చేసుకొన్నాడు. కీళ్ళవాతంతో మిట్రల్ కవాటం సన్నబడిన ఒక స్త్రీని ఏళ్ళ తరబడి చూస్తూ, ఆమె నాడి క్రమం తప్పిన నాటి నుండి కర్ణిక ముడుచుకొనే గుర్తు కాగితం మీద మాయమైనదని కనిపెట్టాడు. తరువాత 1909లో లండనులో థామస్ లూయిస్ ఇ.సి.జి. యంత్రంతో ఆ జబ్బు కర్ణికల వణుకేనని నిర్ధారించాడు.

అయితే ఇ.సి.జి. చూపేది కొద్ది సెకన్లు మాత్రమే. పడుకోబెట్టి తీసినప్పటి గుండెనే అది చూపుతుంది, తోటకు నడిచే గుండెను చూపదు. ఆ లోటు తీర్చినవాడు అమెరికాలో మోంటానా రాష్ట్రానికి చెందిన నార్మన్ హోల్టర్. అతని మొదటి యంత్రం దాదాపు 38 కిలోలు, వీపుకు కట్టుకొని మోయవలసి వచ్చేది. 1961 నాటికి దానిని చిన్నది చేసి చూపించాడు. ఇప్పుడు అది అగ్గిపెట్టె పాటిది. ఛాతీకి అంటించి 24 గంటలు, అవసరమైతే ఇంకా ఎక్కువ రోజులు ఉంచుతారు. మీ డాక్టరుగారు "హోల్టర్ పెడదాం" అంటే సందేహించకండి. పెట్టిన రోజున మంచంమీద పడుకొని ఉండకుండా ఎప్పటివలెనే పేడ తీయండి, నీళ్ళు మోయండి, సంతకు వెళ్ళండి. చాలామంది మిషను పాడవుతుందని కదలకుండా కూర్చుంటారు. అప్పుడు ఆ ఖర్చు వృథా. స్నానం మాత్రం ఎప్పుడు చేయవచ్చునో పెట్టేవారినే అడగండి.

ఇప్పుడు ఆ చిన్న బిళ్ళ సంగతి. మీరు వ్రాసిన గుర్తులనుబట్టి అది డిగాక్సిన్. 1785లో ఇంగ్లాండు వైద్యుడు విలియం విదరింగ్, ఫాక్స్‌గ్లవ్ అనే పూలమొక్క ఆకుతో నీరుపట్టిన రోగులకు చేసిన చికిత్సను గూర్చి పుస్తకం వ్రాశాడు. ఆ జాతి మొక్కనుండి వచ్చినదే ఈ మందు. ఇది ముఖ్యముగా వాగస్ నరం ద్వారా పని చేస్తుంది. ఈ ఒక్క మాట పట్టుకొంటే మీ ఇంట్లో జరిగినదంతా అర్థమవుతుంది. రాత్రి వాగస్ ఎలాగూ బలంగా ఉంటుంది, దానికి ఈ మందు తోడై నాడి బాగా నెమ్మదిస్తుంది. పగలు పనిలోకి దిగగానే వాగస్ వెనక్కు తగ్గుతుంది, మందు పట్టు కూడా దానితోపాటే సడలుతుంది. అందుకే డిగాక్సిన్ ఒక్కటే వాడే మనిషి కూర్చున్నప్పుడు బాగుండి, నాలుగడుగులు వేయగానే దడ అంటాడు. పగటి పరుగును పట్టడానికి డాక్టర్లు మెటోప్రొలాల్ వంటి బీటా బ్లాకరునో, డిల్టియాజెమ్‌నో వాడుతారు. ఉబ్బసం ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. మీ అమ్మగారి చీటీలో ఆ రెండవ రకం మందు ఉన్నదా లేదా అన్నది మీరు వ్రాయలేదు. ఈసారి వెళ్ళినప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న అదే.

షాపులో చెప్పిన "అరవై" లెక్క వట్టి మాట కాదు. డిగాక్సిన్ వేసే ముందు నాడి చూడమని నర్సులకు నేర్పే పాత నియమం అది. అయితే ఆ నియమం మెలకువగా ఉండి, కాసేపు కూర్చొని ఉన్న మనిషికి. నిద్రపోతున్న మనిషికి కాదు. వేకువ మెలకువ వచ్చి, లేచి ముఖం కడుగుకొని, పావుగంట కూర్చొన్న తరువాత కూడా నాడి యాభై అరవైలోపే ఉంటే ఆ రోజు బిళ్ళ వేయకముందే డాక్టరుగారిని అడగాలి. దానితోపాటు వాంతి వచ్చినట్లుండడం, అన్నం సయించకపోవడం, చూపు పచ్చగా మసకగా అవడం, మతి తప్పిన మాటలు ఉంటే డిగాక్సిన్ ఎక్కువైనదని అనుమానించి ఆసుపత్రికే వెళ్ళాలి. మూత్రపిండాల పని తగ్గిన పెద్దవారికి, విరేచనాలు పట్టినవారికి, లాసిక్స్ వంటి నీటి బిళ్ళలు వాడుతూ పొటాషియం తగ్గినవారికి ఈ ప్రమాదం ఎక్కువ. మన రోహిణి కార్తె ఎండలలో దీనిని మరచిపోకండి. కొందరు డాక్టర్లు వారానికి ఐదు రోజులే వేసి రెండు రోజులు ఆపమంటారు. అలా వ్రాసి ఉంటే అలాగే చేయండి. వ్రాయకపోతే మీ అంతట మీరు శని, ఆదివారాలు ఆపకండి.

నాడి ఎంత ఉంటే చాలు? 2010లో నెదర్లాండ్స్ వైద్యులు 614 మంది రోగులమీద చేసిన పరిశోధనలో, విశ్రాంతి నాడిని 80 లోపుకు గట్టిగా తగ్గించినవారికీ, 110 లోపు ఉంటే చాలునని విడిచినవారికీ ఫలితంలో పెద్ద తేడా కనిపించలేదు. ఈ మాట మన పత్రికలలో కూడా వచ్చింది. కాని మీ అమ్మగారివంటి వారి విషయం వేరు. కవాటం సన్నబడినప్పుడు రక్తం పై గది నుండి క్రిందికి దిగడానికి వ్యవధి కావాలి. నాడి వేగం ఎక్కితే ఆ వ్యవధి తరిగి, రక్తం వెనక్కు ఊపిరితిత్తులలో నిలుస్తుంది. గట్టుమీద కూలబడినది అందుకే. ఇటువంటివారికి డాక్టర్లు నాడిని ఇంకా నిదానంగానే ఉంచాలని చూస్తారు.

పడమటి దేశాలలో ఈ లయ తప్పడం ఎక్కువగా ముసలితనపు జబ్బు. మన దేశంలో 2017లో వెలువడిన ఒక పెద్ద నమోదులో దాదాపు సగంమందికి కారణం కీళ్ళవాతంతో చెడిన కవాటమే. నలభై, యాభై ఏళ్ళవారు, ఇంటికి పని చేసి పెట్టవలసినవారు. పసుపు తవ్వకాలకు, అరటి గెలలు మోయడానికి పోయే మనిషికి పగటి నాడి ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు.

ఇక లెక్కపెట్టే పద్ధతి. వేలి మిషను, బి.పి. మిషను చూపే అంకెను ఈ జబ్బులో పూర్తిగా నమ్మలేము. బలహీనమైన దెబ్బలు వాటికి అందవు. చేతికి కూడా కొన్ని అందవు. గుండె మీద స్టెతస్కోపు పెడితే 130 ఉన్న మనిషికి మణికట్టు దగ్గర నూరే తగలవచ్చు. నాడి పరుగెత్తే కొద్దీ ఈ తేడా పెరుగుతుంది. కాబట్టి ఆయాసపడే మనిషికి మిషను 95 చూపించినా ధీమా పడకండి. మీ ఊరి ఏ.ఎన్.ఎం. వచ్చినప్పుడు ఒకసారి గుండె దగ్గరా, చేతి దగ్గరా ఒకే నిమిషంలో ఇద్దరు లెక్కపెట్టి చూడండి, ఎంత తేడా ఉన్నదో తెలుస్తుంది. మామూలు మనిషికి పదిహేను సెకన్లు చూచి నాలుగుతో హెచ్చించడం సరిపోవచ్చును గాని వీరికి పనికిరాదు. గడియారం ముందు పెట్టుకొని నిండు నిమిషం లెక్కించాలి.

ఒక నోటు పుస్తకం పెట్టండి. వేకువ లేచి కూర్చొన్న తరువాత ఒకసారి, మధ్యాహ్నం పని నడుమ ఆగి వెంటనే ఒకసారి, రాత్రి పడుకొనే ముందు ఒకసారి. ప్రక్కన ఆ వేళకు ఏమి చేస్తున్నారో రెండు మాటలు వ్రాయండి. "బావి దగ్గర", "మెట్లెక్కి", "మందు మరచి" అని. వారం రోజులు చాలు. డాక్టరుగారికి ఆ పుస్తకం ఇస్తే, ఏ మందు ఏ వేళకు మార్చాలో ఆయన చూచుకొంటారు. నిద్రపోయేవారిని మాత్రం లేపి గాని, లేపకుండా గాని లెక్కపెట్టవద్దు. రోగి నిద్ర పోతుంది, ఇంటివారి నిద్ర పోతుంది, ఆ అంకెతో ఒరిగేది లేదు.

దీనికి రెండు మినహాయింపులు. పగలు మెలకువగా ఉన్నప్పుడు కళ్ళు తిరిగి పడిపోవడం, క్షణంపాటు స్పృహ తప్పడం ఉంటే నాడి మరీ నెమ్మదించినదేమో హోల్టరుతో చూడాలి. మెలకువలో ఐదు సెకన్లు, అంతకుమించి గుండె ఆగినట్లు తేలితే పేస్‌మేకరు ఆలోచన చేస్తారు. రెండవది గురక. పెద్దగా గురకపెట్టి, నడుమ ఊపిరి బిగబట్టి, ఉలిక్కిపడి లేచేవారికి ఆ ఊపిరి ఆగడంవల్లనే రాత్రి నాడి బాగా పడిపోవచ్చు. అది విడిగా చూపించవలసిన జబ్బు. మీ అమ్మగారు గురక పెడతారా?

మీరు అడగని సంగతి ఒకటి అడిగినదానికన్నా పెద్దది. నాడి నెమ్మదిగా ఉన్నా, వేగంగా ఉన్నా, వణికే కర్ణికలో రక్తం నిలిచి గడ్డకట్టే ప్రమాదం అంతే. ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం. అందుకే రక్తం పలచబరిచే మందు ఇస్తారు. కవాటం సన్నబడినవారికి మన దగ్గర ఎక్కువగా వాడేది ఎసిట్రోమ్, లేదా వార్ఫరిన్. ఐ.ఎన్.ఆర్. పరీక్ష అక్కరలేని క్రొత్త మందులు వచ్చినవి గదా అని కొందరు మార్పించుకొంటున్నారు. కీళ్ళవాత కవాటం ఉన్నవారిమీద మన దేశంతో సహా 24 దేశాలలో నాలుగున్నర వేలమందితో జరిపిన ఇన్విక్టస్ పరిశోధన 2022లో వెలువడింది. అందులో క్రొత్తదైన రివరాక్సబాన్ కంటే పాత మందు వాడినవారిలోనే మరణాలు తక్కువ. కాబట్టి నెలనెలా ఐ.ఎన్.ఆర్. చూపించుకోవడం విసుగే అయినా మానవద్దు. సాధారణంగా 2కు 3కు నడుమ ఉంచుతారు. గోంగూర, తోటకూర మానేయనక్కరలేదు. ఒక వారం రోజూ తిని, మరో వారం అసలు ముట్టకుండా ఉండడమే చిక్కు. ఉపవాస ప్రార్థనల దినాలలో అన్నం మానేవారు కూడా ఇది గమనించాలి, తిండి తగ్గితే ఐ.ఎన్.ఆర్. పెరుగుతుంది. ఎన్ని పూటలు మానాలనుకొన్నా ముందుగా డాక్టరుకు చెప్పండి, బిళ్ళ మాత్రం నీళ్ళతో వేసుకోండి. మోకాళ్ళ నొప్పులకు షాపులో అడిగి బిళ్ళలు కొనవద్దు, రక్తస్రావం కావచ్చు. బిడ్డలు కలుగవలసిన వయసు స్త్రీలు ఈ మందు వాడుతుంటే గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడాలి. మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా, తెల్లవారనిద్దామని చూడకుండా 108కి ఫోను చేయండి.

కవాటం సంగతి ఇంకొక మాట. సన్నబడిన మిట్రల్ కవాటాన్ని బెలూనుతో వెడల్పు చేసే పద్ధతిని 1980లలో జపాను వైద్యుడు కాంజి ఇనౌయే తెచ్చాడు. అందరి కవాటానికీ అది సరిపడదు, ఎకో పరీక్ష చూచి చెబుతారు. మన రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్యసేవ పేరున నడుస్తున్న పథకంలో గుండె కవాటాల చికిత్సలు ఉన్నవి. ఆరేళ్ళ క్రితం "ఇప్పుడు వద్దు" అన్నారని మీరు వ్రాశారు. ఆరేళ్ళ క్రితపు మాట అది. మరొకసారి ఎకో తీయించండి.

ఈ జవాబు ముందుగా ఆ సహోదరికి పోస్టులో పంపాను. వారం తిరగకముందే పుస్తకం పేజీ ఒకటి ఫోటో తీసి పంపింది. ఉదయం 66, మధ్యాహ్నం తోటనుండి రాగానే 118, రాత్రి 74. గుంటూరులో పేజీ చూచి పగటిపూటకు ఇంకొక బిళ్ళ వ్రాశారట, పాతది అలాగే ఉంచారు. ఎకోకు తారీఖు ఇచ్చారు. అమ్మగారికి గురక లేదు గాని నాన్నగారికి ఉన్నదని వ్రాసింది. మనుమడు మిషను తీసుకొని హైదరాబాదు వెళ్ళిపోయాడు.

పిల్లల గొంతునొప్పికీ గుండె కవాటానికీ సంబంధమేమిటని వలివేరు నుండి, దావులూరు నుండి ఉత్తరాలు వచ్చినవి. మూడు వారాలకొకసారి వేసే పెన్సిలిన్ ఇంజక్షను గూర్చి వచ్చే నెల.